చక్కెర పూత – పుట్టు పూర్వోత్తరములు

ఈ ఉగాది సంచికకు ఒక చరిత్ర వ్యాసము కావలెనని సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు, కేకులపై వేసే చక్కెర పూతను గురించి వ్రాయుదుమని మేము చెప్పగా వారు ఒక్క క్షణము మాటాడలేదు. కృష్ణదేవరాయల దండయాత్రలు, కాకతీయుల చెరువులు, వలస వచ్చిన మన పూర్వుల గాథలు – ఇట్టి విషయములకు అలవాటుపడిన పుటలివి. పండుగ పూట బొబ్బట్లు, పులిహోర మాట విడిచి దొరల పిండివంట ఊసెందుకని పాఠకులలో కొందరికైనను తోచవచ్చును.

అయినను ఒక్క మాట మనవి చేసుకొందుము. నేడు బెంగుళూరులో మన తెలుగువారి ఇండ్లలో పిల్లల పుట్టినరోజుకు కేకు కోయని ఇల్లు అరుదు. ఆ కేకును ఇంటిలోనే కాల్చి, పూతపూసి, పువ్వులు దిద్ది, ఇరుగు పొరుగువారికి అమ్మి నాలుగు డబ్బులు సంపాదించుకొనుచున్న ఆడపడుచులు మన పేటలలోనే పలువురున్నారు. వారి పనిని కొందరు ‘ఉబుసుపోక’ అందురు. మరికొందరు ‘మన ఆచారము కాదు’ అందురు. ఈ రెండు మాటలును ఆ పని చరిత్ర తెలియక అన్నవేయని మా నమ్మకము. ఆ చరిత్రను మాకు తెలిసినంతలో ఇక్కడ విన్నవించుచున్నాము.

మొదట చక్కెర మాట. కేకు పరదేశపుదే కావచ్చును గాని, దానిపై పూత మాత్రము పుట్టుకచేత మనదే. అలెగ్జాండరు వెంట క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున వచ్చిన నౌకాధిపతి నియార్కస్, తేనెటీగలు లేకయే తేనెనిచ్చు రెల్లు ఈ దేశమున గలదని చెప్పినట్లు గ్రీకు గ్రంథములవలన తెలియుచున్నది. ఆ రెల్లు మన చెరకే. చెరకు రసమును కాచి, పలుకు కట్టించి, నిలువ ఉండునట్లు చేయు విద్య ఈ దేశముననే పుట్టినది. 7వ శతాబ్దమున చీనా చక్రవర్తి తైజుంగ్ ఆ విద్య నేర్చుకొని రండని మగధకు మనుష్యులను పంపినాడు. మన ‘శర్కర’ పారశీకమున ‘షకర్’ అయి, అరబ్బులనోట ‘సుక్కర్’ అయి, చివరకు ఇంగ్లీషువారికి ‘షుగర్’ అయినది. మన ‘ఖండ’ అదే త్రోవన పోయి ‘క్యాండీ’ అయినది. ఆ శర్కరయే మన నోట ‘చక్కెర’గా నిలిచినది. పేరే సాక్ష్యము చెప్పుచుండగా ఇది పరాయి వస్తువని మనమెట్లు అనగలము?

ఐరోపాలో చక్కెర చిరకాలము మందుల దుకాణములో తూచి అమ్మిన వస్తువు. అంత వెలగల దానిని భోజనపు బల్లపై బొమ్మలుగా నిలుపుట రాజుల దర్పమునకు గుర్తయినది. పొడి చేసిన చక్కెరను ఒక విధమైన చెట్టు బంకతో పిసికి ముద్ద చేసినచో, మట్టివలె ఏ రూపమునకైనను వంగును. ఆరిన పిమ్మట గట్టిపడును. 1574లో ఫ్రాన్సు రాజు మూడవ హెన్రీ వెనిస్ నగరమునకు రాగా, ఆయనకు చేసిన విందులో బల్లగుడ్డలు, పళ్ళెములు, కత్తులు సైతము చక్కెరతో చేసినవేనట. చేతిగుడ్డ అనుకొని రాజు తీయబోగా అది పుటుక్కున విరిగినదని చెప్పుదురు. నేడు కేకులపై గులాబీలు చేయుటకు వాడు ముద్ద ఆ ముద్దకు వారసురాలే.

కేకుకు పూత వేయు వాడుక ఇంగ్లండులో 17వ శతాబ్దము నాటికి కనబడుచున్నది. ఆ రోజులలో కోడిగ్రుడ్డు తెల్లసొన, చక్కెర, పన్నీరు కలిపి గిలకొట్టి, వేడి కేకుపై పూసి, తిరిగి పొయ్యిలో కొద్దిసేపు ఉంచెడివారు. చల్లారగానే అది మంచుగడ్డవలె నిగనిగలాడెడిది. మంచును ఐస్ అందురు గనుక ఆ పూతకు ఐసింగ్ అని పేరు వచ్చినది. 1769లో ఎలిజబెత్ రాఫల్డ్ అను ఆమె వంటల పుస్తకమొకటి అచ్చువేసినది. పెండ్లి కేకుపై ముందు బాదంపప్పు ముద్ద పరచి, దానిపై చక్కెర పూత వేయు పద్ధతి ఆ పుస్తకమున గలదు. ఈ రెండు పూతల పద్ధతిని అచ్చులో పెట్టిన వారిలో ఆమెయే మొదటిదని చెప్పుదురు. ఆమె మహారాణి కాదు, పండితురాలు కాదు. ఒక పెద్ద ఇంటిలో గృహనిర్వాహకురాలుగా పనిచేసి, పిమ్మట మాంచెస్టరులో దుకాణము నడిపిన స్త్రీ. తన చేతి పనిని అక్షరములలో పెట్టి పదిమందికి పంచినది. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొన గోరుచున్నాము.

ఆ తరువాత ఫ్రాన్సులో కరేమ్ (1783–1833) అను పాకశాస్త్రజ్ఞుడు గ్రంథాలయములలో కూర్చొని కట్టడముల పటములు చూచి, వానిని చక్కెరతోను పిండితోను కట్టి చూపినాడు. 1840 ఫిబ్రవరి 10న ఇంగ్లండులో విక్టోరియా రాణి వివాహము జరిగినది. ఆ పెండ్లి కేకు బరువు సుమారు 300 పౌనులు, చుట్టుకొలత 3 గజములు. నేటికిని తెల్లసొనతో చేయు గట్టి పూతను ‘రాయల్ ఐసింగ్’, అనగా రాచపూత, అనుట ఆ పెండ్లి వలననే అని అంటారు. 1858లో ఆ రాణి పెద్ద కుమార్తె పెండ్లినాటి కేకులో అడుగు అంతస్తు మాత్రమే కేకు, పైవన్నియు చక్కెర కట్టడము. 1882లో చిన్న కుమారుడు లియోపోల్డు పెండ్లికి అన్ని అంతస్తులును నిజమైన కేకుతోనే చేసినారు.

రాజుల ఇంటి వస్తువు సామాన్యుల ఇంటికి ఎట్లు వచ్చినది? చక్కెర చవుక అయినందువలన వచ్చినది. 1747లో మార్‌గ్రాఫ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు బీటుదుంపలో చక్కెర ఉన్నదని కనిపెట్టగా, 19వ శతాబ్ది తొలినాళ్ళలో ఆ దుంపతో చక్కెర తీయు కర్మాగారములు వెలసినవి. 1874లో ఇంగ్లండు ప్రభుత్వము చక్కెరపై సుంకమును తీసివేసినది. అంతకు ముందే 1843లో బర్మింగ్‌హాము నగరపు మందుల వర్తకుడు ఆల్‌ఫ్రెడ్ బర్డ్ బేకింగ్ పౌడరు తయారు చేసినాడు. ఆయన భార్యకు ఈస్టు గాని, గ్రుడ్డు గాని సరిపడదు. ఆమె కొరకు వెదకిన ఉపాయమది. గ్రుడ్డు లేని కేకు అనగానే మన ఆచారపరుల కోరికయని నవ్వువారు ఈ సంగతిని గమనింపగోరుచున్నాము.

అయితే చక్కెర చవుక అగుటలో ఒక చేదు గలదు. దానిని దాటవేసిన చరిత్ర, చరిత్ర కాదు. వెస్టిండీసు దీవులలో రెండు మూడు శతాబ్దములు ఆ చెరకు నరికినది ఆఫ్రికానుండి బంధించి తెచ్చిన బానిసలు. 1833లో బ్రిటిషు పార్లమెంటు బానిసత్వమును రద్దుచేయు చట్టము చేసినది. పిమ్మట తోటల యజమానుల చూపు మన దేశముపై పడినది. 1834 నుండి మారిషస్‌కు ఒప్పంద కూలీలు పోయినారు. 1860లో ట్రూరో అను ఓడ మద్రాసు రేవునుండి బయలుదేరి నవంబరు 16న డర్బను చేరినది. 1903 నుండి మద్రాసు గుండా ఫిజీ దీవులకును పంపినారు. గోదావరి, విశాఖ, గంజాము ప్రాంతముల తెలుగువారు వీరిలో ఎందరో గలరు. 1917లో కూలీలను పంపుట ఆగినది. మారిషస్‌లో ఉగాది నేటికిని సెలవు దినము. దొరల పెండ్లి కేకుపై మెరసిన తెలుపులో, చెరకు ఆకుల కోతలుపడిన మన తెలుగు చేతుల చెమట కొంత కలసియున్నది. మనమును పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచి వచ్చినవారి సంతతియే గనుక, ఈ మాట మన సంఘము సంచికలో చెప్పవలసిన మాటయే.

ఇక ఈ విద్య దుకాణమునుండి ఇంటికి వచ్చిన కథ. 19వ శతాబ్దమంతయు పూతపని మిఠాయి పనివారి చేతి రహస్యము. గురువు దగ్గర ఏండ్ల తరబడి ఊడిగము చేసినగాని చెప్పెడివారు కారు. 1929లో అమెరికాలోని షికాగో నగరమున డ్యూయీ మెకిన్లీ విల్టన్ అనునతడు కేకుల అలంకరణను పాఠములుగా విడదీసి నేర్పుట మొదలుపెట్టినాడు. జోసఫ్ లాంబెత్ పొరపై పొర తీగలు అల్లు తన పద్ధతిని 1934లో పుస్తకముగా వెలువరించినాడు. ఇట్లు పాఠముగా, పుస్తకముగా మారిన నాటినుండి ఇంటి ఇల్లాలికి ఆ తలుపు తెరచుకొన్నది.

రెండవ ప్రపంచయుద్ధమున ఈ పూత ఎంత ప్రియమైనదో జనులకు తెలియవచ్చినది. 1940 జనవరిలో ఇంగ్లండులో చక్కెరకు రేషను వచ్చినది. ఆగస్టు నుండి కేకులపై చక్కెర పూత వేసి అమ్మరాదని ఆజ్ఞ అయినది. పెండ్లిండ్లలో చిన్న కేకు నొకదానిని బల్లపై పెట్టి, తెల్లని అట్టతో చేసిన మూడంతస్తుల బుట్టను అద్దెకు తెచ్చి దానిపై బోర్లించెడివారు. ఫోటోలో మాత్రము ఘనమైన కేకు కనబడును! 1947లో ఎలిజబెత్ రాకుమారి పెండ్లి కేకుకు ఆస్ట్రేలియా బాలికల సంఘమువారు సామగ్రి పంపవలసి వచ్చినది. ఆ దేశమున చక్కెర రేషను తొలగినది 1953లోనే.

మన దేశమునకు వత్తము. 1883లో తలచేరిలో మంబల్లి బాపు అను బిస్కట్ల వ్యాపారి ఒక దొర తెచ్చి చూపిన కేకును రుచి చూచి, తన సరకులతో అట్టిదానిని చేసి ఇచ్చినాడని మలబారులో చెప్పుకొందురు. మన బెంగుళూరులో 1898లో తిరుమలాచార్ అను అయ్యంగారు చిక్కపేట ప్రాంతమున బేకరీ తెరచినారట. గ్రుడ్డు తగలని కేకులకు అయ్యంగారు బేకరీలు పేరుపొందుటకు అదియే నాంది. ఇక రైల్వే కాలనీలలోని ఆంగ్లో ఇండియను ఇండ్లలో క్రిస్మసుకు ఎండు పండ్ల కేకు చేసి, బాదంపప్పు ప్రియము గనుక జీడిపప్పు నూరిన ముద్దను పరచి, దానిపై రాచపూత వేసెడివారు. మా తాతగారు రైల్వే కొలువుకు ఈ ఊరు వచ్చిన కొత్తలో, డిసెంబరు నెలలో క్వార్టర్సు వరుసంతయు ఆ వాసనతో నిండెడిదని మా తండ్రిగారు చెప్పెడివారు. పళ్ళెము మన ఇంటికి వచ్చెడిది. సంక్రాంతికి అరిసెలతో ఆ పళ్ళెము తిరిగి పోయెడిది.

ఇప్పుడు మన ఇంటి చక్కెర విద్యను తలచుకొందుము. తెలుగువారి పెండ్లి సారెలో పంచదార చిలకలు ఉండవలెను. కన్నడ సోదరుల ఇండ్లలో సంక్రాంతికి నువ్వులు బెల్లముతోపాటు చక్కెర అచ్చులు పంచుదురు. ఇక్కడ పుట్టి పెరిగిన మనవారును ఆ వాడుకను అందుకొన్నారు. చక్కెర పాకములో కొంచెము పాలుపోసి మడ్డి తేల్చి తీసివేసి, వడగట్టి, మరల కాచి, తెల్లబడువరకు గరిటెతో త్రిప్పి, నీట నానిన కొయ్య అచ్చులలో పోయుదురు. ఆరిన పిమ్మట విప్పగా చిలక, ఏనుగు, తులసికోట బయటపడును. ఇది చక్కెర శిల్పము కాక మరేమి? వెనిస్‌లో రాజు మెచ్చినదానిని మన ముత్తవ్వలు వంటింటి పొయ్యివద్ద చేసినారు. వారి పేర్లు ఏ పుస్తకమునను లేవు.

మా ఇంటి సంగతి ఒకటి ఇందుకు తార్కాణముగా చెప్పుదుము. 2020 మార్చిలో రైళ్ళు నిలిచిపోయి ఊరంతయు తలుపులు మూసుకొన్న రోజులలో, మా ఇల్లాలు కుక్కరులో ఉప్పు పరచి, దానిపై గిన్నె పెట్టి కేకు కాల్చుట మొదలుపెట్టినది. కేకు కుదిరినది గాని పూత కుదరలేదు. ఏప్రిలు ఎండలకు వెన్న పూత జారి పళ్ళెములోనికి దిగినది. కేకు పొట్టు పూతలో కలసి, తెల్లని గోడకు మట్టిచేయి తగిలినట్లయినది. ముందుగా పలుచని తొలిపూత వేసి, పొట్టును అందులో బంధించి, అరగంట చల్లబెట్టి, ఆపైన అసలు పూత వేయవలెనని ఆమె తెలిసికొనుటకు మూడు కేకులు పట్టినవి. పూవులు వత్తు గొట్టములు మాత్రము ఆమెకు త్వరలోనే లొంగినవి. జంతికల గొట్టములో నక్షత్రపు బిళ్ళ వేసి వత్తిన చేయి, గోరింటాకు కోనుతో తీగలు దిద్దిన చేయి, వాకిట పిండితో మెలికల ముగ్గు తీసిన చేయి – ఆ చేతికి ఒత్తిడి ఎక్కడ పెంచవలెనో ఎక్కడ ఆపవలెనో ఒకరు చెప్పవలసిన పనిలేదు.

మా అమ్మగారు మాత్రము ఆ వైపు రాలేదు. కేకు అనగానే గ్రుడ్డు జ్ఞాపకము వచ్చి, వంటింటి గడపకు ఇవతలనే కూర్చొనెడివారు. గ్రుడ్డు వేయలేదని చెప్పినను నమ్మలేదు. ఒకనాడు మా ఇల్లాలు ఫాండెంట్ అను పూతకు పాకము పట్టుచున్నది. చక్కెర పాకమును 115 డిగ్రీల వేడివరకు కాచి, చల్లార్చి, తెల్లని వెన్నముద్ద అగువరకు రుద్దవలెను. వేడిని కొలుచు గాజుగొట్టము 115 చూపినది. దించినది, చల్లార్చినది, రుద్దినది. ముద్ద కాలేదు, జారుచునే ఉన్నది. రెండవమారు పొయ్యిమీద పెట్టగా మా అమ్మగారు గడప ఇవతలనుండి చూచి, “అది ఇంకా తీగపాకమే అమ్మాయ్, ఉండ కట్టదు. ఆ గాజుపుల్ల మాట నమ్మకు. పళ్ళెంలో చన్నీళ్ళు తీసుకురా” అన్నారు. లేచి లోపలికి వెళ్ళి, పాకపు చుక్కను నీటిలో వేసి, రెండు వేళ్ళతో చేర్చి చూచినారు. చెదిరిపోయినది. మరి రెండు నిమిషములకు వేసిన చుక్క మెత్తని ఉండ అయి వేళ్ళ మధ్య నిలిచినది. “ఇప్పుడు దించు” అన్నారు. గాజుగొట్టము బాణలి అడుగుకు తగులుచుండుటవలన ఎక్కువ చూపినదని మాకు తరువాత తెలిసినది.

ఇంగ్లీషు వంట పుస్తకములలో ఈ అదునుకు మెత్తని ఉండ అనియే పేరు. పరీక్షయు అదే, చన్నీటిలో చుక్క వేయుటయే. అరిసెలకు మన పెద్దలు పట్టు ఉండపాకమును, పాశ్చాత్యుల ఫాండెంట్ పాకమును ఒక్క చోటనే దించుదురు. మన చిలకల చక్కెరకు, ఆ పూతకు భేదమెక్కడనగా – చిలకల పాకమును వేడిగా ఉండగానే త్రిప్పుదుము గనుక పలుకు పెద్దదై గట్టిపడును. పూత పాకములో నిమ్మరసము చుక్క వేసి, చల్లార్చి రుద్దుదురు గనుక పలుకు సన్నమై మెత్తగా నిలుచును. విద్య ఒక్కటే, అదును వేరు. ఆ దినము మొదలు మా అమ్మగారు గడప దాటి లోపల కూర్చొనుచున్నారు.

ఇప్పుడు అసలు మాటకు వత్తుము. మా ఇల్లాలు కిలో కేకు ఒకటి అలంకరించుటకు ఐదారు గంటలు నిలుచుండును. సరకుల వెల కలిపి, పైన కొంత చేర్చి ధర చెప్పగా, “ఇంట్లో చేసిందే కదా, ఇంత ఎందుకు?” అని అడిగినవారు పరాయివారు కారు, మనవారే. ఇంటిలో చేసినది గనుక చేతికి వెల లేదను ఈ తలంపు చక్కెర చరిత్రలో పాత జబ్బు. చెరకు నరికిన చేతికి వెల కట్టలేదు. చిలకలు పోసిన ముత్తవ్వ చేతికి వెల కట్టలేదు. నేడు పూత పూయు చేతికైనను కట్టకపోయినచో, ఇంతటి చరిత్ర మనకేమి నేర్పినట్లు? నేర్చుకొనువారును తమ పనిని పనిగా ఎంచవలెను. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము క్రింద ఇంట చేసి అమ్మువారు సైతము నమోదు చేయించుకొనవలెను. గ్రుడ్డు వేసినది లేనిది కొనువారికి స్పష్టముగా చెప్పవలెను. పడిన గంటలను కాగితముపై వ్రాసుకొని, ధరలో చేర్చి అడుగుటకు సిగ్గుపడరాదు.

మరొక విన్నపము. అటకపై ఉన్న కొయ్య అచ్చులను పాత సామానుల వానికి వేయకుడు. పోయిన సంవత్సరము మా అమ్మాయి పుట్టినరోజుకు మా అమ్మగారు తమ పుట్టింటి అచ్చులను దింపించి, నీటిలో నానబెట్టి, రెండు చిలకలు పోసినారు. కోడలు తెల్లని పూతపై ఆకుపచ్చని తీగలు దిద్ది, వాటి మధ్య ఆ చిలకలను నిలిపినది. పిల్లలు కేకును విడిచి చిలకల కొరకు కొట్లాడుకొన్నారు. మా అమ్మగారు ఒక ముక్క తీసికొని నోట వేసికొని, “తీపి కాస్త ఎక్కువైంది. పాకం మాత్రం కుదిరింది” అన్నారు. వారి నోట అంతకంటె పెద్ద మెప్పును మేమెన్నడును వినలేదు.

ఉగాది పచ్చడిలో తీపి, చేదు కలిసియే ఉండును. చక్కెర చరిత్రయు అట్టిదే. చేదును మరువక, తీపిని పంచుకొనుచు, చేతి పనికి తగిన విలువనిచ్చు బుద్ధి ఈ నూతన సంవత్సరమున మనకందరకు కలుగుగాక యని కోరుకొనుచు, సంఘ సభ్యులకు, పాఠక సోదర సోదరీమణులకు మా శుభాకాంక్షలు తెలుపుకొనుచున్నాము.